వాక్ వచ్చాక సెకండ్ బేస్‌కి పరిగెత్తొచ్చా? ఒకమ్మాయి సేఫ్, ఇంకో అమ్మాయి అవుట్. తేడా ఎక్కడ?

పిచ్చర్ వాళ్ళ అమ్మ:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి అండర్ 12 ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతుంది, పిచ్చింగ్ చేస్తుంది, అంటే బ్యాటర్‌కి బంతి వేసేది తనే. మొన్నటి మ్యాచ్‌లో జరిగిన రెండు సంగతులు నాకు ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు, రూల్స్ బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా విడమరిచి చెప్తారని అడుగుతున్నాను.

మొదటిది. థర్డ్ బేస్ మీద అవతలి టీమ్ రన్నర్ ఉంది, ఫస్ట్, సెకండ్ ఖాళీ. బ్యాటర్‌కి నాలుగో బాల్ (కొట్టడానికి వీలైన చోటికి రాని పిచ్) పడింది, వాక్, అంటే ఫస్ట్ బేస్ ఊరికే వస్తుంది. ఆ అమ్మాయి బ్యాట్ పక్కన పెట్టేసి నింపాదిగా జాగింగ్ చేస్తున్నట్టు ఫస్ట్ దాకా వచ్చింది, బేస్ మీద కాలు పడగానే ఆగకుండా సెకండ్ వైపు పరుగు లంకించుకుంది. అప్పటికే బ్యాటర్ వెనక ఉండే మా క్యాచర్ బంతి మా అమ్మాయికి విసిరేసింది, తను పిచ్చర్ చుట్టూ గీసే సర్కిల్‌లోనే బంతి పట్టుకుని నిలబడి ఉంది. ఆ రన్నర్ సగం దూరం వెళ్ళి ఆగింది. మా వాళ్ళంతా "సెకండ్, సెకండ్" అని అరుస్తుంటే మా అమ్మాయి సెకండ్‌కి విసరడానికి చెయ్యి ఎత్తింది, అంతే, థర్డ్‌లో ఉన్న రన్నర్ హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, దూసుకొచ్చేసింది. మా అమ్మాయి అటు విసరాలో ఇటు విసరాలో తేల్చుకోలేక బంతి చేతిలోనే ఉంచుకుంది. ఒక రన్ వచ్చింది, బ్యాటర్ సెకండ్ చేరింది. అంపైర్ ఏమీ అనలేదు.

రెండోది అదే మ్యాచ్‌లో తర్వాత. ఈసారి మా టీమ్ అమ్మాయికి వాక్ వచ్చింది. ఫస్ట్ బేస్‌కి వెళ్ళి బేస్ మీద నిలబడింది, హెల్మెట్ సర్దుకుంది, సెకండ్ దగ్గర ఎవరూ లేరని చూసి పరిగెత్తింది. రెండడుగులు వేసిందో లేదో అంపైర్ చేతులెత్తి డెడ్ బాల్ (ఆట ఆగినట్టు) అన్నారు, అవుట్ ఇచ్చారు. పిల్ల ఏడుస్తూ డగౌట్‌కి వచ్చింది.

రెండూ వాక్‌లే కదా. వాక్ అంటే ఒక్క బేసే కదా, మరి ఆ అమ్మాయి రెండో బేస్ ఎలా తీసుకుంది? తీసుకోవచ్చు అంటే మా టీమ్ అమ్మాయి ఎందుకు అవుట్? అంపైర్ పక్షపాతం చూపించారని పక్కన కూర్చున్నవాళ్ళు అన్నారు, నాకు అలా అనాలని లేదు, రూల్ ఏంటో తెలుసుకోవాలని ఉంది. మా అమ్మాయికి కూడా చెప్పాలి, ఆ రన్ తన వల్లే పోయిందని బాధపడుతోంది.

వీకెండ్ స్లోపిచ్:

నేను పెద్దవాళ్ళ స్లోపిచ్ (బంతిని నెమ్మదిగా, ఎత్తుగా వేసే సాఫ్ట్‌బాల్) ఆడతానండీ. మా దగ్గర వాక్ అయితే బంతి డెడ్. బ్యాటర్ ఫస్ట్‌కి వెళ్తుంది, వెనక నుంచి నెట్టుకొచ్చే రన్నర్ ఉంటేనే ముందున్నవాళ్ళు జరుగుతారు, మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే. ఆ లెక్కన మొదటి దాంట్లో రన్ ఇవ్వకూడదు, థర్డ్ రన్నర్‌ని వెనక్కి పంపాలి. మీ కోచ్ అప్పుడే గట్టిగా అడగాల్సింది.

మాస్క్ వెనక:

నేను అమ్మాయిల ఫాస్ట్‌పిచ్‌కి అంపైరింగ్ చేస్తాను. పైన స్లోపిచ్ గురించి చెప్పింది నిజమే, కానీ ఫాస్ట్‌పిచ్‌కి అది వర్తించదు. మీరు రాసింది రాసినట్టు జరిగి ఉంటే ఆ అంపైర్ రెండు కాల్స్ కూడా కరెక్టేనమ్మా. కొంచెం పెద్ద జవాబు, ఓపికగా చదవండి.

ఫాస్ట్‌పిచ్‌లో నాలుగో బాల్ పడ్డాక బంతి లైవ్‌లోనే ఉంటుంది. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ రూల్స్ అయినా, హైస్కూల్ రూల్స్ అయినా అంతే. బ్యాటర్‌కి బంతి తగిలి ఫస్ట్ బేస్ ఇస్తే అది డెడ్. పిచ్‌లు వెయ్యకుండా "ఈ బ్యాటర్‌ని ఊరికే పంపించేస్తున్నాం" అని అంపైర్‌కి చెప్పి ఇచ్చే ఇంటెన్షనల్ వాక్ కూడా డెడ్. మామూలు వాక్ మాత్రం డెడ్ కాదు, ఆట ఆగదు. చాలామంది తల్లిదండ్రులకే కాదు, కొత్త కోచ్‌లకి కూడా ఇది తెలియదు, ఎందుకంటే వాక్ వచ్చాక ఒక్క క్షణం అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆట ఆగిపోయినట్టే కనిపిస్తుంది.

"వాక్ అంటే ఒక్క బేసే" అనే మాటని ఇలా అర్థం చేసుకోవాలి: ఆ ఒక్క బేస్ వరకు ఆమెని ఎవరూ అవుట్ చెయ్యలేరు. ఆ తర్వాత వెళ్ళకూడదని లేదు, వెళ్తే సొంత పూచీ మీద వెళ్ళాలి, ట్యాగ్ చేస్తే, అంటే బంతితో తాకితే, అవుట్. ఫస్ట్‌లో ముందే ఒక రన్నర్ ఉంటే ఆమెకి సెకండ్ కూడా అలాగే వస్తుంది. అందుకే ఆ రన్నర్ వస్తుంటే బంతి పట్టుకుని సెకండ్ బేస్ తొక్కి అవుట్ అని అరిచినా లాభం లేదు, ఆ బేస్ ఆమెకి ఇచ్చేశారు. అదే అమ్మాయి స్టీల్ చేస్తూ, అంటే పిచ్ పడుతుండగానే తర్వాతి బేస్‌కి పరిగెడుతూ, నాలుగో బాల్ మీద సెకండ్‌లోకి స్లైడ్ చేసి, జారిపోయి బేస్ దాటిందనుకోండి, అప్పుడు ట్యాగ్ చేస్తే అవుట్. ఇచ్చింది బేస్ వరకే.

మీ మ్యాచ్‌లో థర్డ్ రన్నర్‌ని వెనక నుంచి ఎవరూ నెట్టడం లేదు, కాబట్టి వాక్ వల్ల ఆమెకి ఏ బేసూ రాదు. కానీ బంతి లైవ్ కాబట్టి సందు దొరికితే హోమ్‌కి రావచ్చు, ట్యాగ్ చేస్తే అవుట్.

ఇప్పుడు మీ రెండు కాల్స్‌కి మూలమైన రూల్. దీన్ని లుక్‌బ్యాక్ రూల్ అంటారు, కొంతమంది సర్కిల్ రూల్ అంటారు. పిచ్చర్ చుట్టూ 8 అడుగుల వ్యాసార్థంతో ఒక సర్కిల్ గీసి ఉంటుంది కదా. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరాక, బంతి పిచ్చర్ చేతిలో, పిచ్చర్ సర్కిల్‌లో ఉంటే, ఇక రన్నర్లు దోబూచులాడకూడదు. బేస్ మీద ఉన్నవాళ్ళు బేస్ వదలకూడదు. బేస్‌కి దూరంగా, కదలికలో ఉన్నవాళ్ళు ఒకసారి ఆగొచ్చు, ఆగిన వెంటనే ముందుకో వెనక్కో ఏదో ఒకటి తేల్చుకుని ఆగకుండా పోవాలి. తప్పితే డెడ్ బాల్, ఆ రన్నర్ అవుట్.

ఇక్కడే వాక్ గురించి ఒక ముఖ్యమైన ముక్క ఉంది. వాక్ వచ్చిన బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర ఆగకుండా దాటిపోతే, బంతిని కొట్టి పరిగెత్తినట్టే లెక్క. అంటే పిచ్చర్ చేతిలో బంతి ఉన్నా సరే, ఫస్ట్ తొక్కి, మలుపు తిరిగి, సెకండ్ వైపు పోవచ్చు. మధ్యలో ఒకసారి ఆగి చూడొచ్చు కూడా. ఫస్ట్ బేస్ మీద ఆగిందా, ఆమె పరుగు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత బంతి సర్కిల్‌లో ఉండగా బేస్ వదిలితే అవుట్.

మీ మొదటి సంఘటనలో ఆ అమ్మాయి ఆగకుండా దాటింది, మధ్యలో ఆగింది, ఇదంతా చెల్లుతుంది. ఆగాక వెంటనే అటో ఇటో కదలాలి, కానీ ఆలోపే మీ అమ్మాయి విసరడానికి చెయ్యి ఎత్తింది. అలా చెయ్యి ఎత్తినా, విసిరినట్టు నటించినా, పిచ్చర్ ప్లే చేస్తున్నట్టు లెక్క. ఆ క్షణంలో రన్నర్లందరికీ కట్టు తెగిపోతుంది, థర్డ్ మీద నిలబడి ఉన్న అమ్మాయి కూడా బేస్ వదలొచ్చు. అందుకే అంపైర్ ఏమీ అనలేదు, అనడానికి ఏమీ లేదు. రెండో సంఘటనలో మీ టీమ్ అమ్మాయి బేస్ మీద ఆగింది. హెల్మెట్ సర్దుకుంది అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కతోనే తేలిపోయింది.

అయితే ఒకటి అడగాలి. ఆ రెండోసారి బంతి ఎక్కడుంది? పిచ్చర్ దగ్గరా, ఇంకా క్యాచర్ చేతిలోనా?

పిచ్చర్ వాళ్ళ అమ్మ:

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మా ఆయన తీసిన వీడియో మళ్ళీ చూశాను. మా టీమ్ అమ్మాయి ఫస్ట్ మీద నిలబడేసరికి బంతి వాళ్ళ పిచ్చర్ చేతిలోనే ఉంది, సర్కిల్ మధ్యలో నిలబడి సిగ్నల్ కోసం క్యాచర్ వైపు చూస్తోంది. అంటే అవుటే కదా?

మాస్క్ వెనక:

అవునమ్మా, అవుటే. నేను అడిగింది ఎందుకంటే, బంతి ఇంకా క్యాచర్ దగ్గరే ఉంటే ఆ అమ్మాయి ఫస్ట్ మీద ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాత పరిగెత్తినా తప్పు లేదు. సర్కిల్‌లో పిచ్చర్ చేతికి బంతి అందే వరకు ఈ రూల్ మొదలే కాదు. పరుగు మొదలుపెట్టాక బంతి సర్కిల్ చేరితే ఆ పరుగు కొనసాగించొచ్చు. అంపైర్లు వాక్ తర్వాత ఒక కన్ను సర్కిల్ మీద, ఒక కన్ను ఫస్ట్ బేస్ మీద వేసి ఉంచేది అందుకే. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళు రన్నర్‌నే చూస్తారు, బంతి ఎప్పుడు ఎక్కడుందో గమనించరు, అందుకే ఈ కాల్ మీద అంత గొడవ అవుతుంది.

థర్డ్ బేస్ కోచ్:

పన్నెండేళ్ళలోపు అమ్మాయిలకి కోచింగ్ చేస్తాను. రూల్ సంగతి పైన బాగా చెప్పారు, నేను మీ అమ్మాయి గురించి చెప్తాను. ముందు తనకి చెప్పండి, అది తన తప్పు కాదు. థర్డ్‌లో రన్నర్ ఉండగా వాక్ వస్తే బ్యాటర్ ఆగకుండా సెకండ్‌కి పోవడం అన్నది ఫాస్ట్‌పిచ్‌లో అందరూ ఆడే ఎత్తుగడ. నేను కూడా నా పిల్లలకి నేర్పిస్తాను. బ్యాటర్ జాగింగ్ చేస్తూ రావడం కూడా అందులో భాగమే, అవతలివాళ్ళు ఏమరుపాటుగా ఉండాలని. పిచ్చర్‌తో సెకండ్‌కి విసిరించడం కోసమే అదంతా, అసలు గురి హోమ్ ప్లేట్ మీద. దీనికి జవాబు టీమ్ మొత్తం కలిసి ప్రాక్టీస్‌లో నేర్చుకోవాలి, మైదానంలో ఒక్క పిల్ల అప్పటికప్పుడు కనిపెట్టలేదు.

లెక్క చూడండి. బేస్‌ల మధ్య 60 అడుగులు. హోమ్ నుంచి సెకండ్‌కి నేరుగా కొలిస్తే దాదాపు 85 అడుగులు. అండర్ 12లో పిచ్చింగ్ దూరం 40 అడుగులు, అంటే మీ అమ్మాయి నిలబడ్డ చోటి నుంచి సెకండ్ సుమారు 45 అడుగులు. తను సెకండ్‌కి విసిరితే, అక్కడ పట్టుకున్న పిల్ల తిరిగి 85 అడుగులు హోమ్‌కి విసరాలి, ఈలోపు థర్డ్ రన్నర్ పరిగెత్తాల్సింది 60 అడుగులే, అదీ ముందే కదిలి ఉంటుంది. ఆ వయసు పిల్లలతో ఇది దాదాపు ఎప్పుడూ ఓడిపోయే పందెం. అదే బంతి సర్కిల్‌లో ఉంటే, హోమ్‌కి విసరాల్సింది 40 అడుగులే, థర్డ్ రన్నర్ కదలడానికి జంకుతుంది.

అందుకని నేను మా పిచ్చర్లకి చెప్పేది: బంతి అందుకో, సర్కిల్‌లోనే ఉండు, చెయ్యి ఎత్తకు, థర్డ్ రన్నర్ వైపు చూడు. చెయ్యి ఎత్తకపోతే కట్టు తెగదు. థర్డ్ రన్నర్ బేస్‌కి అతుక్కునే ఉండాలి, మధ్యలో ఆగిన అమ్మాయి వెంటనే తేల్చుకోవాలి. ఆమె అక్కడే నిలబడిపోతే అంపైరే అవుట్ ఇస్తారు, మీరు బంతి విసరాల్సిన పని కూడా లేదు. సెకండ్‌కి పోతే పోనివ్వండి. మ్యాచ్ చివర్లో ఒక్క రన్ తేడా ఉన్నప్పుడు కూడా ఆ బేస్ ఇచ్చెయ్యడమే మేలని నా అభిప్రాయం, కొందరు కోచ్‌లు ఒప్పుకోరు.

సెకండ్ ఇవ్వడం బొత్తిగా ఇష్టం లేకపోతే ఇంకో పద్ధతుంది. షార్ట్‌స్టాప్‌ని (సెకండ్, థర్డ్ మధ్య నిలబడే ఫీల్డర్) సెకండ్ బేస్ దాకా పంపకుండా, పిచ్చర్‌కి సెకండ్‌కి మధ్య దారిలో నిలబెట్టాలి. పిచ్చర్ ఆమెకి గట్టిగా విసురుతుంది, ఆమె అందుకున్న మరుక్షణం మొహం హోమ్ వైపు తిప్పాలి, థర్డ్ రన్నర్ కదిలి ఉంటే క్యాచర్‌కి విసరాలి, కదలకపోతే బ్యాటర్ వెంట పడాలి. చూడ్డానికి బాగుంటుంది. అండర్ 12లో దీన్ని శుభ్రంగా చేసే టీమ్‌లు తక్కువ, బాగా ప్రాక్టీస్ చేస్తే తప్ప మ్యాచ్‌లో పెట్టకండి.

ఇక వాక్ వచ్చిన మీ టీమ్ అమ్మాయి సంగతి. అది ఫస్ట్ బేస్ కోచ్ చూసుకోవాల్సింది. బ్యాటర్ ఫస్ట్‌కి చేరకముందే "ఆగు" అనో "పో, పో" అనో అరిచి చెప్పాలి. పిల్ల బేస్ మీద నిలబడ్డాక పో అంటే అవుట్ చేయించినట్టే.

అండర్ 10 నాన్న:

మా లీగ్‌లో వాక్ మీద ఒక్క బేసే, సెకండ్‌కి పోనివ్వరు. మ్యాచ్ మొదట్లోనే ఇద్దరు కోచ్‌లకీ అంపైర్ చెప్పేస్తారు. మరి పైన చెప్పినదాంతో ఇది పొసగడం లేదే? మా వాళ్ళు తప్పు ఆడిస్తున్నారా?

మాస్క్ వెనక:

తప్పు కాదండీ. చిన్న పిల్లల లీగ్‌లు అసలు రూల్ బుక్ మీద సొంత రూల్స్ కొన్ని పెట్టుకుంటాయి. వాక్ మీద ఒక్క బేసే అనడం, హోమ్‌కి స్టీల్ చెయ్యకూడదనడం, ఇన్నింగ్స్‌కి ఇన్నే రన్‌లు అనడం, ఇవన్నీ అలాంటివే. అండర్ 10లో పిచ్చింగ్ దూరం 35 అడుగులే అయినా వాక్‌లు ఎక్కువ పడతాయి, ప్రతి వాక్ మీదా ఈ పరుగులు పెడితే పిల్లలు బంతి కొట్టడం నేర్చుకునే సమయమే ఉండదు, నన్నడిగితే ఆ వయసుకి ఆ రూల్ మంచిదే. అయితే అదే పిల్లలు పైకి వెళ్ళినప్పుడు, లేదా బయట టోర్నమెంట్‌కి వెళ్ళినప్పుడు ఆ సొంత రూల్ ఉండదు, మొదటి వాక్‌కే రన్ పోగొట్టుకుంటారు. మ్యాచ్ ముందు ప్లేట్ దగ్గర జరిగే మీటింగ్‌లో "వాక్ మీద బంతి లైవేనా?" అని కోచ్ ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

పిచ్చర్ వాళ్ళ అమ్మ:

కోచ్ గారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. "అయితే నేను చెయ్యి ఎత్తకుండా ఉంటే చాలా?" అని అడిగింది, కాస్త తేలికపడింది.

ఇంకో రెండు సందేహాలు తీర్చండి. ఒకటి, వాళ్ళ బ్యాటర్ నింపాదిగా ఫస్ట్‌కి నడుస్తున్నంతసేపూ థర్డ్ రన్నర్ బేస్ వదిలి రెండు మూడు అడుగులు ముందుకొచ్చి వెనక్కి పోతూ ఆటపట్టించింది. అప్పుడు బంతి మా అమ్మాయి దగ్గరే ఉంది. అది అవుట్ కాదా? రెండు, ఫస్ట్ దాటి కొంచెం దూరం పోయి ఆగి, వెనక్కి ఒక అడుగు వేసి, మళ్ళీ సెకండ్‌కి పోతే?

మాస్క్ వెనక:

మంచి ప్రశ్నలు. మొదటిది అవుట్ కాదు. బ్యాటర్ ఫస్ట్ చేరే దాకా లుక్‌బ్యాక్ రూల్ మొదలవ్వదని చెప్పాను కదా, అప్పటివరకు థర్డ్ రన్నర్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడినా చెల్లుతుంది. ట్యాగ్ చేస్తే మాత్రం అవుట్. బ్యాటర్ కాలు ఫస్ట్ మీద పడ్డ మరుక్షణం నుంచి ఆ ఆటలు సాగవు, అప్పటికి ఎటు పోతుంటే అటు ఆగకుండా పోవాలి, ఆగి ఉంటే వెంటనే తేల్చుకోవాలి. కొంతమంది బ్యాటర్లు కావాలనే నెమ్మదిగా నడిచేది ఇందుకే, థర్డ్ రన్నర్‌కి ఆడుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

రెండోది, బంతి సర్కిల్‌లో ఉండి, పిచ్చర్ ఏ ప్లే చెయ్యకుండా ఉంటే, అవుట్. ఆగడం ఒక్కసారే. వెనక్కి అడుగు వేసిందంటే ఫస్ట్‌కి పోతానని తేల్చుకున్నట్టే, మళ్ళీ మనసు మార్చుకోకూడదు. అదే మీ అమ్మాయి ఆ మధ్యలో చెయ్యి ఎత్తినా, బంతితో సర్కిల్ బయటికి అడుగు పెట్టినా, ఆ రన్నర్ ఎటైనా పోవచ్చు. ఇద్దరు రన్నర్లు ఒకేసారి ఈ రూల్ తప్పినా అవుట్ అయ్యేది ఒక్కరే, ఎందుకంటే మొదటి తప్పుతోనే బంతి డెడ్ అవుతుంది.

వీకెండ్ స్లోపిచ్:

నాకూ తెలియని సంగతులు చాలా తెలిశాయి. ఒక్కటి అడుగుతా. ఇలాంటి కాల్ నిజంగానే తప్పు అనిపిస్తే అక్కడ ఏం చెయ్యాలి? ప్రొటెస్ట్ ఉంటుంది కదా?

మాస్క్ వెనక:

ఉంటుంది, రూల్‌ని తప్పుగా వాడినప్పుడు మాత్రమే. "ఆమె బేస్ మీద ఆగింది", "ఆగలేదు" అన్నది అంపైర్ కళ్ళతో చూసి నిర్ణయించేది, దాని మీద ప్రొటెస్ట్ లేదు. కానీ అంపైర్ "వాక్ మీద బంతి డెడ్, అందుకే వెనక్కి పంపుతున్నా" అంటే అది రూల్ తప్పు, దాని మీద చెయ్యొచ్చు. కోచ్ టైమ్ అడిగి, మైదానంలోకి వచ్చి, "మీరు ఏం చూశారు, ఏ రూల్ ప్రకారం ఇచ్చారు?" అని నెమ్మదిగా అడగాలి. జవాబులోనే తెలిసిపోతుంది అది ఏ రకమో. ప్రొటెస్ట్ చెయ్యాలంటే తర్వాతి పిచ్ పడకముందే చెప్పాలి, ఒక్క పిచ్ పడిందంటే ఇక ఆ అవకాశం లేదు. అడగాల్సింది కోచే. స్టాండ్స్ నుంచి తల్లిదండ్రులు అరిస్తే అంపైర్‌కి ఏ ప్రశ్నా వినిపించదు, మైదానంలో ఉన్న పిల్లలకి టెన్షన్ పెరగడం తప్ప.

థర్డ్ బేస్ కోచ్:

పిచ్చర్ వాళ్ళ అమ్మగారూ, మీ పాప అడిగినదానికి నా జవాబు: చెయ్యి ఎత్తకుండా ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం క్యాచర్‌ది. నాలుగో బాల్ పడగానే బంతి వెంటనే సర్కిల్‌కి చేరాలి, క్యాచర్ దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోతే రన్నర్లకి ఏ అడ్డూ ఉండదు. తర్వాతి ప్రాక్టీస్‌లో థర్డ్‌లో ఒకరిని పెట్టి, ఇంకొకరిని వాక్ మీద పరిగెత్తించి, క్యాచర్‌తో కలిపి చేయించమని మీ కోచ్‌ని అడగండి.